సేద్యపు యంత్రముల సంరక్షణ

(తుంగభద్ర దిగువ కాలువ క్రిందను, బోరుబావుల క్రిందను సాగుచేయు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పట్టాదారుల యుపయోగార్థము)

నల్లరేగడిలో సేద్యము చేయు రైతును విత్తనమునకెంత, ఎరువునకెంత, కూలికెంత యని యడిగినచో తడుముకొనక చెప్పగలడు. యంత్రములకెంత యని యడిగినచో మోటారు కాలిన సంవత్సరపు ఖర్చును మాత్రమే చెప్పును. అది కాలకుండుటకై యెంత వెచ్చించెనో చెప్పలేడు. ఏలయన పెక్కుచోట్ల అట్టి ఖర్చు జరుగనే జరుగదు.

పూర్వము రైతు సామగ్రి యంతయు నాగలి, గుంటక, గొర్రు, బండి, కపిలలతో ముగిసెడిది. వాటిని చక్కబెట్టుటకు ఊరి వడ్రంగియు, కమ్మరియు నుండిరి. పంట నూర్చినప్పుడు కళ్లమువద్ద వారికి మేర గింజలు ముట్టెడివి. వారును ఏరువాకకు ముందు తామే వచ్చి పనిముట్లను చూచిపోయెడివారు. నేడు ఆ స్థానమున ట్రాక్టరు, బోరుమోటారు, మందుకొట్టు యంత్రము, నూర్పిడి యంత్రము చేరినవి. మేర పద్ధతి పోయినది. పిలువకయే వచ్చి చూచువారును దానితోడనే పోయిరి. వారు చేయుచుండిన ఆ సగము పని ఇప్పుడు రైతు తలపై నున్నది. యంత్రమును కొనునప్పుడు ఈ సంగతిని అంగడివాడు చెప్పడు.

మరమ్మతు వేరు, సంరక్షణ వేరు. చెడినదానిని బాగుచేయుట మరమ్మతు. చెడకుండ ముందుగా చూచుకొనుట సంరక్షణ. రెండింటికిని ఖర్చున్నది, రెండింటికిని యంత్రమును ఆపక తప్పదు. భేదమెల్ల ఆపు దినమును ఎవరు నిర్ణయింతురన్నదానిలో నున్నది. సంరక్షణకు రైతు తన తీరిక చూచుకొని దినము నిర్ణయించును. మరమ్మతునకు దినము నిర్ణయించునది యంత్రమే. అది పని లేని చైత్రమాసమున చెడదు. వేరుసెనగ ఊడలు దిగు వేళ, పత్తి పూతకు వచ్చిన వేళ, ఇరుగుపొరుగు యంత్రములన్నియు పనిలో నుండి మెకానిక్కు దొరకని వేళనే చెడును. ఏలయన బరువు పని పడునది అప్పుడే.

ఈ మాటకు ఈ ప్రాంతపు రైతులు దూరపు దృష్టాంతమును వెదకనక్కరలేదు. తమ పొలములకు నీరు వచ్చు తుంగభద్ర ఆనకట్టయే చాలును.

ఆ యానకట్టకు 1945 ఫిబ్రవరి 28వ తేదిని హైదరాబాదు సంస్థానమును, మదరాసు ప్రభుత్వమును కూడి శంకుస్థాపన చేసినవి. సిమెంటునకు మారుగా సున్నము, సుర్ఖీ కలిపి రాతితో కట్టిన ఆ కట్టడము 1953లో పూర్తియైనది. ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదిని ఆదోని తాలూకా బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రరాష్ట్రమున చేరెను. కనుక ఆనకట్ట వయస్సును, ఆదోని ఈ పక్షమునకు వచ్చిన వయస్సును ఒక్కటియే. ఆనకట్ట పొర్లుకట్టపై 33 ఇనుప తలుపులు గలవు. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల యెత్తు. వాటిని గొలుసుల సాయమున ఎత్తుట, దించుట జరుగును.

2024 ఆగస్టు 10వ తేది రాత్రి, జలాశయము నిండుకుండవలె నున్న సమయమున, 19వ తలుపు గొలుసు తెగెను. తలుపు ప్రవాహమున కొట్టుకొనిపోయెను. ఆ యొక్క సందునుండియే సుమారు 35 వేల క్యూసెక్కుల నీరు వెడలసాగెను. మిగిలిన తలుపులపై భారము తగ్గించుటకై వాటినిగూడ ఎత్తి, లక్ష క్యూసెక్కుల ప్రమాణమున నీటిని నదిలోనికి వదలవలసివచ్చెను. ఆ సందును మూయవలెనన్న 60 టి.ఎం.సి.ల మేరకు నీటిని పోనీయవలసియుండునని మొదట భయపడిరి. (ఒక టి.ఎం.సి. యనగా శతకోటి ఘనపుటడుగులు.) తలుపుల పనిలో ఆరితేరిన ఇంజనీరు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యమున, నీరు పారుచుండగనే, నాలుగేసి అడుగుల యెత్తు గల ఐదు ఇనుప పలకలను ఒకదానిపై నొకటి దించి ఆగస్టు 17వ తేది నాటికి సందును మూసిరి. అప్పటికి 30 టి.ఎం.సి.లకు మించిన నీరు వెడలిపోయియుండెను.

ఈ అంకెను రైతులు తమ కొలతతో చూడవలెను. దిగువ కాలువనుండి ఈ రాష్ట్రమునకు కేటాయింపబడిన నీరు సంవత్సరమునకు 24 టి.ఎం.సి.లు. ఆ నీటితో కర్నూలు జిల్లా పడమటి తాలూకాలలో సుమారు లక్షన్నర యెకరములు సాగు కావలెనని యేర్పాటు. అనగా ఒక్క గొలుసు తెగుటచేత వారము దినములలో పోయిన నీరు, ఈ కాలువకు ఏడాది పొడవున రావలసిన వాటాకంటె నెక్కువ. ఆ యేడు మరల వానలు కురిసి జలాశయము నిండినది. రైతులు బ్రతికిరి. అది వరుణుని దయయే కాని యంత్రము చేసిన మేలు కాదు.

కథ యంతటితో ముగియలేదు. ఒక తలుపు పోయినపిమ్మట తక్కిన 32 తలుపుల సంగతి యేమని ప్రశ్న పుట్టెను. నిపుణులు పరీక్షించి అన్నింటిని మార్చుట మంచిదని చెప్పిరి. పాత తలుపులపై నిండు భారము మోపరాదని 2025లో జలాశయమును 80 టి.ఎం.సి.ల మేరకే నింపుటకు నిశ్చయించిరి. తలుపులు మార్చుటకు జలాశయపు మట్టము తగ్గవలెను గనుక ఆ సంవత్సరపు రెండవ పంటకు కాలువ నీరు లేదని ప్రకటింపవలసివచ్చెను. డెబ్బదియేండ్ల గొలుసు, డెబ్బదియేండ్ల తలుపు! ఏటేటను నాలుగైదు తలుపుల చొప్పున వేసవిలో మార్చుకొనుచు వచ్చియున్నచో ఏ పంటకును విఘ్నము లేకుండ ఏడెనిమిదేండ్లలో ఆ పని తీరియుండెడిది. అన్నియు నొక్కమారుగా మార్చుటకు ఒక పంటను అర్పింపవలసివచ్చినది.

గొలుసు తెగుట అను దానిని రైతు బాగుగా ఊహింపగలడు. బావిగిరక గొలుసును చూడని రైతు లేడు. లంకెలు ఒకదానినొకటి తాకుచోటనే అరుగును. అచ్చటనే తేమ నిలిచి త్రుప్పు పుట్టును. బయటికి కనబడు వంపులు నున్నగా, రంగుతో నుండగా, లోపలి యంచున మందము సన్నగిల్లుచుండును. వంద లంకెలలో తొంబదితొమ్మిది గట్టివైనను గొలుసు బలము ఆ నూరవదాని బలమే. అందుచేత యంత్రమును చూచుట యనగా ఎదుట నిలిచి చూచుట కాదు. ఎక్కడ అరుగునో అక్కడ విప్పి, తుడిచి, కొలిచి చూచుట. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టము వర్షాకాలమునకు ముందొకమారు, తరువాత నొకమారు ఆనకట్టలను పరీక్షింపవలెనని శాసించినది. ఆ నియమమునే రైతు తన మోటారునకును, ట్రాక్టరునకును వర్తింపజేసికొనినచో చాలవరకు మేలు కలుగును.

పెద్ద తలుపులు రైతుల చేతిలోనివి కావు. కాని ఆనకట్టనుండి పొలమువరకు గల దారిలో చిన్న తలుపు లెన్నియో యున్నవి. పంటకాలువల తూముల షట్టర్లు, వాటిని త్రిప్పు మరకడ్డీలు నీటి వినియోగదారుల సంఘముల పరిధిలోనివి. 1997 నాటి చట్టముచే ఏర్పడిన ఆ సంఘములలో ఓటు గలవారు భూమి గల రైతులే. మరకడ్డీకి సంవత్సరమునకు రెండుమార్లు గ్రీసు పూసి, పైనుండి క్రిందివరకు ఒకమారు త్రిప్పి చూచుటకు పట్టు కాలము అరగంట. ఆ అరగంట లేకనే షట్టరు బిగిసిపోవును. బిగిసినదానిని గడ్డపారతో ఎత్తుదురు. ఎత్తిన షట్టరు వంగును. వంగినది మరల దిగదు. దిగని తూమువద్ద నీరు పై రైతు పొలమున వృథాగా పొర్లును, చివరి రైతు పొలము నెఱ్ఱెలు వాయును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యనగా నిదియే. కాలువ చివర నీరందలేదని యేటేట జరుగు తగవులలో కొన్నింటికి మూలము నీటి కొరత కాదు, గ్రీసు కొరత.

ఇక కాలువ నీరు చాలని చోట బోరుబావులే ఆధారము. బోరుమోటారు భూగర్భమున నుండుటచేత కంటికి కనబడదు. దానిని పైకి తీయుట శ్రమతోను, ఖర్చుతోను కూడిన పని. కాబట్టి లోపలి దాని స్థితిని పైనుండియే కనిపెట్టవలెను. ఇందుకు మంత్రమేమియు నక్కరలేదు. 200 లీటర్ల పీపాయి యొకటి, గడియారమొకటి చాలును. మోటారు క్రొత్తగా దించిన దినమున పీపాయి ఎన్ని సెకండ్లలో నిండెనో వ్రాసియుంచవలెను. 40 సెకండ్లలో నిండినదనుకొందము. అనగా సెకండుకు 5 లీటర్లు. ఏడాది తరువాత 50 సెకండ్లు పట్టినచో సెకండుకు 4 లీటర్లే. నీటిలో అయిదవ వంతు పోయినది. ఐదెకరములు తడుపు మోటారు నాలుగెకరములే తడుపుచున్నది. పొలమున నిలిచి ధారను చూచువానికి ఈ తేడా కానరాదు. నిన్నటి ధారకును నేటి ధారకును భేదముండదు గదా. పోయిన యేటి ధారను కన్ను గుర్తుంచుకొనదు, కాగితము గుర్తుంచుకొనును.

ఆ తగ్గుదలకు కారణము తెలియవలెనన్న స్టార్టరు పెట్టెలోని ఆంపియరు ముల్లును గూడ చూడవలెను. నీరు తగ్గి ఆంపియర్లును తగ్గినచో బోరులో నీటిమట్టము దిగియుండును, లేదా పంపులోని చక్రములు ఇసుకచే అరిగియుండును. నీరు తగ్గి ఆంపియర్లు పెరిగినచో లోపల నేదో పట్టివేయుచున్నదని గ్రహింపవలెను: బేరింగు అరిగియుండవచ్చును, ఇసుక చేరియుండవచ్చును. వోల్టేజి తక్కువైనను ఆంపియర్లు పెరుగును. అందుచేత రెండు ముళ్లను కలిపి చూడవలెనే కాని ఒకదానిని చూచి మోటారు నెత్తించుట తొందరపాటు. ఆంపియర్లు మోటారు పలకపై చెక్కిన అంకెను దాటియున్నంతసేపు లోపలి తీగచుట్ట వేడెక్కుచునే యుండును. అట్టి మోటారు నేడు కాకున్న పది దినములకు కాలును.

ఇచ్చట ఒక దురలవాటును చెప్పక తప్పదు. మోటారు మాటిమాటికి ఆగుచున్నదని పిలిచినప్పుడు కొందరు మెకానిక్కులు ఓవర్‌లోడు రిలే మరను కొంచెము పెంచి, మోటారు ఆగకుండునట్లు చేసి, డబ్బు పుచ్చుకొని పోవుదురు. రైతును సంతోషించును. ఆగుట జబ్బు కాదు, జబ్బు యొక్క కేక. కేక వినబడకుండ నోరు మూసినందున జబ్బు పోదు. ఫ్యూజుతీగ మాటిమాటికి పోవుచున్నదని లావు రాగితీగను చుట్టుటయు నిట్టిదే. కరెంటు వచ్చినతోడనే మోటారు దానంతట తిరుగునట్లు అమర్చు ‘ఆటో’ పెట్టెలును, నీరు లేనప్పుడు మోటారును ఆపు సాధనము తోడుగా లేనిచో, అర్ధరాత్రి ఎండుబోరులో మోటారును త్రిప్పి కాల్చునవే. సేద్యమునకు కరెంటు 2004 నుండి ఉచితమగుటచేత చెడిన మోటారు త్రాగు అధిక విద్యుత్తు రైతు సంచిని తాకుట లేదు. సంచిని తాకనిది మనస్సును తాకదు. కాని కరెంటిచ్చు గంటలు లెక్కకు లోబడినవే. అయిదవ వంతు నీరు తగ్గిన మోటారు ఆ గంటలలో నయిదవ వంతును దొంగిలించుచున్నట్లే.

స్టార్టరు పెట్టెను నెల కొకమారు, మెయిను ఆపిన పిమ్మటనే, తెరచి దుమ్ము దులుపవలెను. చీమలును, బల్లులును వెచ్చదనమునకై అందు చేరును. కరెంటు పలకల నడుమ నవి నలిగి కాలినచో ఒక ఫేజు అందక, మోటారు మూలుగుచు నిలిచి కాలిపోవును. పెట్టెకు గల రంధ్రములను మూయుట, పలకలు నల్లబడి గుంటలు పడినచో మార్పించుట, తీగల బిగింపు మరలను బిగించుట, ఇంతకుమించి పనిలేదు. రెండు సంవత్సరముల కొకమారైనను తెలిసినవానిచే తీగపై పూత చెక్కుచెదరక యున్నదో లేదో మెగ్గరు అను సాధనముతో కొలిపించుట మంచిది.

ఎర్తు సంగతి పంటకు సంబంధించినది కాదు, ప్రాణమునకు సంబంధించినది. ఎర్తు గొట్టమునకు చుట్టును ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంట తేమగా నున్నంతవరకే పనిచేయును. ఇతర నేలలకంటె నల్లరేగడిలో దీనికి అపాయమెక్కువ. వేసవిలో రేగడి నెఱ్ఱెలు విచ్చి గొట్టమునుండి మట్టి దూరముగా జరుగును. గొట్టమున్నది, తీగయున్నది, భూమితో స్పర్శ మాత్రము లేదు. అట్టి దినములలో పెట్టెకు కరెంటు పాకినచో అది భూమిలోనికి పోవుటకు దారి యుండదు. తడిచేతితో పెట్టెను ముట్టిన మనుష్యుడే, ఒరసికొనిన యెద్దే దారియగును. ఫాల్గుణము మొదలు తొలకరి వరకు పక్షమున కొకమారు రెండు బిందెల నీరు గుంటలో పోయించుటయు, నెఱ్ఱెలను మట్టితో కప్పించుటయు పాలేరు చేయదగిన పని. రైతు చేసెనో లేదో తానే చూడదగిన పని.

ట్రాక్టరునకును, డీసెలు ఇంజనునకును ఈ నేలలో ముఖ్య శత్రువు దుమ్ము. రేగడి దుమ్ము పిండివలె మెత్తనిది. గాలిని వడకట్టు పాత్రలోని నూనె బురదయైనచో ఆ దుమ్ము ఇంజనులోనికి పోయి పిస్టను చుట్లను ఆకురాయివలె అరుగదీయును. ఎండకాలపు దుక్కులలో ఆ పాత్రను దినదినము విప్పి చూడవలెను. ఇంజను నూనెను ఎన్ని గంటల కొకమారు మార్చవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకమున నున్నది. ఆ పుస్తకము చాల యిండ్లలో పెట్టెలో భద్రముగా నున్నది, తీసి చదివించుకొనవలెను. గంటలను గుర్తుతో కాక మీటరుతో లెక్కింపవలెను. నూనె నల్లబడలేదు గదా యని మార్చుటను వాయిదా వేయుటయు తప్పే, కొలకఱ్ఱపై నూనె తగ్గిన కొలది క్రొత్తది పోయుచు పాతదానిని మార్చక పోవుటయు తప్పే. గ్రీసు పెట్టునప్పుడు క్రొత్త గ్రీసు లోపలి పాతదానిని నెట్టుకొని అంచున కనబడువరకు కొట్టవలెను. పైపైన పూసిన గ్రీసు దుమ్మును పట్టియుంచుటకు మాత్రమే పనికివచ్చును.

నూర్పిడి యంత్రమునకు తిరుగు బెల్టుపై కప్పు విప్పి మూలను పడవేయుట చాల ఊళ్లలో కనబడును. మాటిమాటికి విప్పుట శ్రమయని కాబోలు. చీర చెరగును, తలపాగ కొసయు పట్టుబడునది అచ్చటనే. కప్పు లేని యంత్రమును అద్దెకు తెచ్చుకొనక పోవుటయే మేలు. వేరుసెనగకాయ వలుచు యంత్రమున రోలునకును జల్లెడకును నడుమ నెడము తగ్గినచో పప్పు పగులును. ఎడము పెరిగినచో కాయ వలువబడక వచ్చును. ఆదోని విపణిలో పగిలిన పప్పునకు ధర తగ్గుటకు వ్యాపారిని నిందించుటకంటె ముందు జల్లెడను చూచుట మంచిది.

మందుకొట్టు యంత్రపు నాజిలు మాట చిన్నదే కాని నష్టము పెద్దది. మందుపొడి ఇసుకవలె రాచి నాజిలు రంధ్రమును పెద్దదిగా చేయును. క్రొత్త నాజిలునుండి నిమిషమునకెంత ద్రవము వచ్చునో సీసాలో పట్టి కొలిచియుంచవలెను. పాతదానినుండి పదియవ వంతునకు మించి ఎక్కువ వచ్చినచో దానిని పారవేయవలెను. నాజిలు వెల కొద్దిపాటిది. అది పత్తి పైరుపై వృథాగా కార్చు మందు వెల అట్టిది కాదు. మూసికొనిపోయిన నాజిలును నోటితో ఊదుట, సూదితో పొడుచుట రెండును కూడవు. మొదటిది మనిషికి, రెండవది నాజిలునకు హాని. మెత్తని కుంచె చాలును.

యంత్రములు వచ్చినంతమాత్రమున ఎడ్ల పనిముట్లు పోలేదు. ఈ ప్రాంతమున గుంటకయు, గొర్రును ఇంకను కొన్ని యిండ్ల పంటను నిర్ణయించునవే. గుంటక పాస మొద్దుబారినచో గడ్డి వేరు తెగదు, ఎడ్ల మెడలు మాత్రము తెగును. గొర్రు గొట్టములలో మన్ను గట్టిపడినచో జడ్డిగములో పోసిన గింజ ఒక చాలున పడి మరొక చాలున పడదు. మొలక వచ్చు వరకు ఎవరికిని తెలియదు. తెలిసినప్పటికి పదును దాటును. తొలకరి పడినతరువాత కమ్మరి కొలిమివద్ద వరుసలో నిలుచుటకంటె రోహిణికి ముందే పాసను సాగగొట్టించి, కఱ్ఱ భాగములకు ఆముదము పట్టించి, గొట్టములలో పుల్ల పోనిచ్చి చూచుకొనుట సుఖము. ఏరువాక పున్నమినాడును, ఆయుధపూజనాడును పనిముట్లను కడిగి పసుపుకుంకుమలు పెట్టు ఆచారము ఈ సీమలో నున్నది. కడుగునప్పుడే బీటలు, వదులు మరలు కనబడును. పూర్వులు పెట్టిన పండుగలో ఈ ప్రయోజనమును గలదు. కుంకుమబొట్టు పెట్టు చేతనే మరను గూడ బిగించినచో పూజకు లోపము రాదు.

రైతు ఇంట లేకున్నను రైతు లాభమును తాకు యంత్రము మరియొకటి కలదు. అది ఆదోని జిన్నింగు మిల్లులలోని గింజ తీయు యంత్రము. జంట రోలర్ల జిన్నులలో తోలుపట్టీలు గల రోలరు దూదిని పట్టి లాగును, కత్తి గింజను అవతలికి నెట్టును. రోలరుపై గాళ్లు అరిగినను, కత్తి సరిగా ఆనకున్నను దూది పీచు తెగును, గింజ నలిగి ముక్కలు దూదిలో చేరును. ఆ నష్టము తుదకు పత్తి ధరలో కోతగా రైతువద్దకే తిరిగివచ్చును. పాత జిన్నులను బాగుచేయుటకు 2000 సంవత్సరమున ఆరంభమైన కేంద్రపు పత్తి సాంకేతిక పథకములో ప్రత్యేక భాగమే ఉండెను. కాని మిల్లువారి యంత్రము చెడుటలో రైతు పాత్రయు లేకపోలేదు. పత్తిలో కలసివచ్చు రాయి, మేకు, తీగముక్క రోలరును చీల్చును. కత్తికి తగిలి నిప్పురవ్వ లేపును. దూది గుట్టలో రవ్వ యనగా ఏమగునో చెప్పనక్కరలేదు. సంచులు కుట్టిన పురికొస, ప్లాస్టికు పీచు దూదిలో కలసి నూలు వరకు పోవును. విపణి నిండిన మార్గశిర, పుష్యమాసములలో ఒక జిన్ను ఆగినచో బండ్లు యార్డులో నిలుచును, మంచుకు తడియును, ధర జారును.

ఎమ్మిగనూరు చేనేత కూటమిని 1938లో మాచాని సోమప్పగారు సహకార పద్ధతిపై నెలకొల్పిరి. మగ్గము నమ్ముకొని బ్రతుకు వారి ఊరిలో సంరక్షణ యనగా నేమో కండ్లార చూడవచ్చును. నేతగాడు ఉదయమున గుంటలో దిగగానే నాడె అంచును వ్రేలితో తడవి చూచును. అచ్చుపండ్లలో చిక్కిన దుమ్మును దులుపును. తెగిన పోగును తెగినచోటనే ముడివేయును కాని గజము నేసినతరువాత కాదు. నాడె అంచున సన్నని పెచ్చు లేచినచో పడుగంతయు చెడునని అతనికి తెలియును. ఇందుకతడు వేరుగా దినము నిర్ణయించుకొనడు. పని మొదలిడుటలోనే అది యొక భాగము. ట్రాక్టరు తోలువాడు తాళము త్రిప్పుటకుముందు నూనెకొలకఱ్ఱ తీసి చూచుటకు పట్టు కాలము అంతకంటె నెక్కువ కాదు.

ఇవన్నియు నెవరు చేయవలెనన్న ప్రశ్నకు జవాబు లేనిచోట ఏదియు జరుగదు. ‘ఎవరో ఒకరు చూతురు’ అను యంత్రమును ఎవరును చూడరు. అన్నదమ్ములు ఉమ్మడిగా వాడు మోటారునకు ఈ గతి త్వరగా పట్టును. కాబట్టి ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క మనిషి పేరు చెప్పియుంచవలెను. మూడు అణాల నోటుపుస్తకమని పూర్వపువారు చెప్పియుందురు, నేడు పదియో యిరువదియో రూపాయల పుస్తకమొకటి కొని, స్టార్టరు పెట్టెప్రక్కన మేకునకు వ్రేలాడగట్టవలెను. పీపాయి నిండిన సెకండ్లు, ఆంపియర్లు, నూనె మార్చిన తేది, గంటలు, వేసిన విడిభాగము పేరు, వెల, అమర్చినవాని పేరు అందులో వ్రాయించవలెను. చదువుకొనిన పిల్లలున్న యింట ఇది వారికి అప్పగింపదగిన పని. మూడేండ్లు గడచునప్పటికి ఏ భాగము ఎన్ని నెలలకు పోవుచున్నదో ఆ పుస్తకమే చెప్పును. అప్పుడు ఆ భాగమును ముందుగనే కొని యింట నుంచుకొనుటకు వీలగును. బెల్టు, ఫ్యూజుతీగ, కెపాసిటరు, వడపోత గుడ్డలు, నాజిళ్లు రెండేసి ఇంట నుండుట ఎల్లప్పుడును మంచిది. చౌకయని పేరులేని బేరింగును కొనువారు, దానిని వేయుటకై మోటారును మరల ఎత్తించు కూలిని గూడ బేరములో కలిపి చూచుకొనవలెను.

పని దినములలో పంచాంగమునకు కాలువ ముడిపడియున్నది. కాలువ కట్టివేసినపిమ్మట, పత్తి చివరి తీతయు వేరుసెనగ నూర్పిడియు ముగిసిన ఫాల్గుణ చైత్రములందు పెద్ద పరీక్ష చేయవలెను: మోటారు, పంపు, ట్రాక్టరు, నూర్పిడి యంత్రము అన్నింటిని విప్పించవలసియున్న అప్పుడే విప్పించవలెను. అప్పుడు ఎమ్మిగనూరు, ఆదోని మెకానిక్కులకు తీరిక యుండును, విడిభాగము హైదరాబాదునుండియో బెంగుళూరునుండియో రావలసినను వేచియుండుటకు వ్యవధి యుండును. తొలకరికి పదునైదు దినముల ముందు నడిపి చూచు చిన్న పరీక్ష. వానలు వెనుకబట్టినపిమ్మట, రబీ దుక్కికి ముందు, తేమచే కలిగిన త్రుప్పును, ఎలుకలు కొరికిన తీగలను చూచు మరొక చిన్న పరీక్ష. నూర్పిడి యంత్రమును పని ముగిసిన దినముననే శుభ్రముచేసి, బెల్టు వదులుచేసి, నీడను నిలుపవలెను. బెల్టు బిగువుగా విడిచిన యంత్రమున బేరింగు ఆరు నెలలు పనిలేకయే భారము మోయును.

పాత మోటారునో, ట్రాక్టరునో మారకమునకు ఇచ్చునప్పుడు పైన చెప్పిన నోటుపుస్తకమును గూడ తీసికొనిపోవలెను. పుస్తకముతో వచ్చిన యంత్రమునకు తెలిసిన వ్యాపారి బేరము వేరుగా మొదలుపెట్టును. పాతది కొను రైతును, పుస్తకము లేనిచో, ధర మాటకు ముందు పీపాయి పెట్టి నీరు పట్టి చూచుకొనవచ్చును.